మత్తులో అన్న మాట

బర్న్‌లీ
6 మార్చి 1949

ఆనిస్ పిన్నికి ఫ్రీడా ముద్దులు.

నువ్వు పంపిన రొయ్యల డబ్బా క్షేమంగా చేరింది. రొయ్యలు చెడకుండా పైన పోసిన వెన్న కొంచెం కరిగింది గానీ రుచి ఎక్కడికీ పోలేదు. సగం నేను, సగం విల్ఫ్ తిన్నాం. అంటే పావు నేను, ముప్పావు విల్ఫ్ అని నువ్వు అర్థం చేసుకోవాలి.

ఇక అసలు సంగతి. మా పెళ్లి జూన్ మొదటి శనివారం అని ఖాయమైంది. పొద్దున చాపెల్లో ప్రార్థన తర్వాత చెప్పేశారు కూడా. విల్ఫ్ చెవులు ఎర్రగా కందిపోయాయి. మా మిల్లు షెడ్డులో మగ్గాలు బాగుచేసే మేస్త్రీ అంటే ఆడవాళ్లందరికీ వేళాకోళమే కదా, రేపటి నుంచి వాడికి ఇంకా నరకం.

అమ్మా నాన్నా ఉంటే ఎంత హడావుడి చేసేవాళ్లో. ఐవీ అక్క ఉంటే నా పక్కన తోడుపెళ్లికూతురుగా నిలబడేది. జ్వరమొచ్చి పోయినప్పుడు దానికి ఆరేళ్లు, నాకు నాలుగు. అలమరా మీది ఫోటో చూస్తే తప్ప దాని మొహమే గుర్తు రాదు నాకు. నా వైపు మిగిలింది నువ్వొక్కదానివే, పిన్నీ. రెండు రోజులు ముందుగానే రావాలి.

విల్ఫ్ వాళ్లమ్మ, ఆవిడా మా షెడ్డులోనే నేస్తుంది కదా, నాకు పెళ్లికానుక ఏమిస్తానంటోందో చెప్పుకో చూద్దాం. పళ్లు! ఉన్నవన్నీ పీకించి, కొత్త పళ్ల సెట్టు పెట్టిస్తుందట. "కుడివైపు దవడపళ్లు రెండు ఎలాగూ పుచ్చాయి. మిగతావి మాత్రం ఎన్నాళ్లుంటాయి? ఇప్పుడే కానిచ్చేస్తే పెళ్లయ్యాక నా కొడుక్కి నీ పంటినొప్పి గొడవ ఉండదు" అంది. ఆవిడకూ ఇరవై ఒకటో ఏట అలాగే చేశారట. మా షెడ్డులో సగం మంది అంతే. గ్యాస్ పీల్చి పడుకుంటే లేచేసరికి అంతా అయిపోతుందట, ఏమీ తెలియదట.

నువ్వేమంటావు?

నీ ఫ్రీడా


మోర్కమ్
10 మార్చి

ఫ్రీడా తల్లికి,

పెళ్లి మాట విని చాలా సంతోషించాను. విల్ఫ్ మంచివాడు. పోయిన జూలైలో మీరిద్దరూ వచ్చినప్పుడు అడగకుండానే నా వంటింటి కిటికీ సరిచేసి వెళ్లాడు. అది ఇప్పటికీ ఇరుక్కోకుండా తెరుచుకుంటోంది.

గ్యాస్ మాత్రం వద్దు.

నీది దూది పీల్చిన ఛాతీ. మిల్లులో పనిచేసేవాళ్లకు గ్యాస్ పడదు. ఆ రెండు పుచ్చుపళ్లూ తీయించుకోక తప్పకపోతే చిగుళ్లకు సూది వేయించుకో. కాస్త నొప్పిగా ఉంటుంది, అంతే. బాగున్న పళ్లు ఎందుకు పీకించుకోవడం?

ఇక్కడ ఇంకా చలే. మేడ మీది అద్దె గదిలోకి ఒక సేల్స్‌మన్ వచ్చాడు. రోజూ గుడ్డు సరిగ్గా ఉడకలేదంటాడు. నిన్న పది నిమిషాలు ఉడకబెట్టి పెట్టాను. "ఇది గుడ్డా, గోలీకాయా?" అన్నాడు.

మళ్లీ చెబుతున్నాను, గ్యాస్ వద్దు.

పిన్ని


బర్న్‌లీ
15 మార్చి

పిన్నీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా ఛాతీకేమైంది? పోయిన ఏడాది నువ్వే కదా, "దూదీ గీదీ నిన్నేం చేయవు, గుర్రంలా ఉన్నావు" అన్నావు! డాక్టరు కూడా చూసి ఏమీ లేదన్నాడు. సూది అంటే నాకు చచ్చేంత భయం. ఎదురుగా సూది కనిపిస్తే ఆ కుర్చీలో నేను కూర్చోను.

నిజం చెప్పనా? పళ్లన్నీ పీకించుకోవడం నాకూ పెద్దగా ఇష్టం లేదు. షెడ్డులో మగ్గాల మోతకు చెవులు పనిచేయవు, అందరం పెదాలు చూసే మాట్లాడుకుంటాం. కట్టుడు పళ్లు పెట్టుకున్నవాళ్ల మాట సగమే అర్థమవుతుంది. మొన్న ఒకావిడ "మా ఆయనకు ఒంట్లో బాగాలేదు" అంటే నేను "మా ఆయన ఇంట్లో లేడు" అనుకుని, "పోనీలే, హాయిగా ఉంటుంది" అన్నాను. ఇప్పటికీ ఆవిడ నాతో మాట్లాడదు.

అందుకే ఒక ఒప్పందానికి వచ్చాం. మార్చి 26 శనివారం ఆ రెండు పుచ్చుపళ్లు మాత్రం గ్యాస్‌తో తీయించుకుంటాను. నాకు పడితే మిగతావి ఈస్టర్ తర్వాత. ఆడమనిషి ఒకరు పక్కన ఉండాలని పళ్ల డాక్టరు క్రాబ్‌ట్రీ గారి నియమం. విల్ఫ్ వాళ్లమ్మ వస్తానంది.

పిన్నీ, నీకు వాళ్ల కుటుంబం నచ్చలేదా? నచ్చకపోతే సూటిగా చెప్పు. ఛాతీ మీద పెట్టకు.

ఫ్రీడా


మోర్కమ్
25 మార్చి

ఫ్రీడా,

సమాధానం రాయడం ఆలస్యమైంది. మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

వాళ్ల కుటుంబం మీద నాకేమీ లేదు. అలా ఎందుకు అనుకున్నావు? గ్యాస్ సంగతే నేను చెప్పేది. ఛాతీ మాట పక్కన పెట్టు. గ్యాస్ పీల్చినవాళ్లు ఒళ్లు తెలియకుండా ఏదేదో వాగుతారు. కాబోయే అత్తగారి ముందు అలాంటి పరిస్థితి తెచ్చుకుంటావా? ఈ ఒక్క కారణం చాలదా?

శనివారం వెళ్లొద్దు. ఈస్టర్‌కి ఇక్కడికి రా. మా వీధిలో పళ్ల డాక్టరు ఉన్నాడు, సూదితో తీస్తాడు. నేను నీ చెయ్యి పట్టుకుని కూర్చుంటాను.

ఈ ఉత్తరం శనివారం పొద్దున అందితే చాలు దేవుడా.

ఆనిస్ పిన్ని


బర్న్‌లీ
29 మార్చి

పిన్నీ,

నీ ఉత్తరం నిన్న, సోమవారం అందింది. శనివారమే పని అయిపోయింది.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నువ్వైనా నాకు అర్థమయ్యేలా చెప్పు.

కుర్చీలో కూర్చున్నాను. గ్యాస్ ఇచ్చే డాక్టరు వేరే ఉన్నాడు, ముసలాయన, మంచివాడు. "పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కదమ్మా?" అని అడిగాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. నిజంగానే ఏమీ తినలేదు. టీ కూడా తాగలేదు. "లేదండీ" అనడానికి నోరు రాలేదు. విల్ఫ్ వాళ్లమ్మ, "దానికి భయమండీ, తినలేదు, నేను చూశాగా" అంది.

తర్వాత నల్ల రబ్బరు తొడుగు ముక్కు మీద పెట్టారు. ఆ రబ్బరు వాసన నాకు కొత్తగా అనిపించలేదు, పిన్నీ. ఎప్పుడూ చూడని ఇంట్లోకి వెళ్తే మెట్లు ఎక్కడున్నాయో ముందే తెలిసినట్టు అనిపిస్తుంది చూడు, అలాగ. చెవుల్లో గంటలు మోగాయి, కాళ్లు తేలిపోయాయి. తర్వాత నేను ఎవరితోనో మాట్లాడుతున్నాను. ఎవరితోనో తెలియదు, ఏం మాట్లాడానో తెలియదు. కళ్లు తెరిచేసరికి చెంపలు తడిసిపోయి ఉన్నాయి, పళ్లు రెండూ గిన్నెలో ఉన్నాయి.

విల్ఫ్ వాళ్లమ్మ నా వైపు చూడలేదు. కోటు అందించింది. నాకంటే పదడుగులు ముందు నడిచింది. నోట్లో దూది కుక్కుకుని నేనే, "అత్తయ్యా, ఏమైనా అన్నానా?" అని అడిగాను. "నీకు తెలియకుండా ఉంటుందా?" అంది. అంతే.

ఆదివారం విల్ఫ్ టీకి రాలేదు. నిన్న షెడ్డులో నా మగ్గం పట్టీ తెగితే వేరే మేస్త్రీని పంపించాడు.

పిన్నీ, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నేను నోరు జారతానని నువ్వు ముందే రాశావు. అచ్చంగా అలాగే జరిగింది. నీకెలా తెలిసింది? నా గురించి వాళ్లకు ఏమైనా రాశావా? మొదట ఛాతీ అన్నావు, తర్వాత నోరు అన్నావు. ఇప్పుడు ఏ మాట నమ్మాలో తెలియడం లేదు.

ఫ్రీడా


మోర్కమ్
1 ఏప్రిల్

తల్లీ,

నేను వాళ్లకు ఒక్క అక్షరం రాయలేదు. మీ అమ్మ మీద ఒట్టు.

నువ్వు మత్తులో ఏమన్నావో కనుక్కో. ఒక్క మాట కూడా వదలకుండా నాకు రాయి. పేర్లు ఏమైనా అన్నావా? రొట్టె మాట వచ్చిందా? ఆవిడను అడుగు. చెప్పకపోతే మళ్లీ అడుగు. వెంటనే రాయి.

తిండి తింటున్నావు కదా? చీము పట్టకుండా ఉప్పునీళ్లు పుక్కిలించు.

ఆనిస్


బర్న్‌లీ
10 ఏప్రిల్

పిన్నీ,

రొట్టె ఏమిటి? నీ ఉత్తరం చూశాక నాకు మతి పోయింది. నాకంటే నీకే ఎక్కువ తెలిసినట్టుంది. కానీ నువ్వు ఇక్కడ లేవు కదా!

ఆవిడను అడిగాను. చెప్పలేదు. చివరికి ఎలా తెలిసిందో విను. గురువారం షెడ్డులో ఆవిడ నాలుగు వరసల అవతల తన స్నేహితురాలితో మాట్లాడుతోంది. మోతలో పెదాలతోనే. నేను స్తంభం వెనక ఉన్నానని చూసుకోలేదు. పై పళ్లు జారకుండా ఆవిడ పెదాలు బిగించి మాట్లాడుతుంది కాబట్టి సగం సగమే అందింది. అందినంతవరకు ఇది:

"లే, బంగారం, లే. బూట్లు తొడుక్కో. ఎవరికీ చెప్పనులే."

నేనన్న మాటలట అవి! ఎంతో ముద్దుగా, బతిమాలుతున్నట్టు అన్నానట. ఆ స్నేహితురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇక చెప్పేదేముంది, పిన్నీ. వాళ్ల లెక్కలో, పొద్దున్నే ఒక మగాణ్ని నిద్ర లేపి, బూట్లు తొడిగించి, ఎవరూ చూడకుండా పంపేసేదాన్ని నేను!

సాయంత్రం గేటు దగ్గర విల్ఫ్‌ను ఆపాను.

"అడగాలనుకున్నది అడిగేయ్" అన్నాను.

"ఎవడు వాడు?" అన్నాడు. మొహం చూడలేదు, నా టోపీ చూస్తూ అడిగాడు.

"ఎవడూ లేడు."

"మరి బూట్లు ఎవరివి?"

"నాకేం తెలుసు? గ్యాస్‌ని అడుగు!"

"గ్యాస్‌కి బూట్లెందుకు ఫ్రీడా?"

ఇంకో రోజైతే ఇద్దరం పడీ పడీ నవ్వేవాళ్లం. వాడు సైకిలెక్కి వెళ్లిపోయాడు. పెళ్లి వద్దని ఎవరూ అనలేదు. ఉందని కూడా ఎవరూ అనడం లేదు. విల్ఫ్ వాళ్లమ్మ పెళ్లి కేకు కోసం దాచిన ఎండుద్రాక్ష వాళ్లింటి బల్ల మీదే ఉంది, అది మాత్రం చూశాను.

అబద్ధమైతే తేలిగ్గా తోసేసేదాన్ని. నా భయమేమిటంటే ఆ మాటలు నావే అనిపిస్తున్నాయి. మత్తులోది కొంచెం కొంచెం తిరిగొస్తోంది. ఆకుపచ్చ పలకలు పరిచిన నేల. ఒక బెంచీ. నల్ల బూటు ఒకటి, పక్కకు గుండీలున్నది, చాలా చిన్నది. పెద్దవాళ్ల బూటు కాదు, పిన్నీ. ఆ బూటు నేను ఫోటోలో చూశాను. ఐవీ అక్క కాళ్లకు.

జ్వరంతో పోయిన పిల్లకు బూట్లెందుకు? దాన్ని లేపుతున్నది నేనెందుకు?

రొట్టె అంటే ఏమిటో చెప్పు. నన్ను చిన్నపిల్లను చేసి దాచొద్దు.

ఫ్రీడా


మోర్కమ్
14 ఏప్రిల్

నా ఫ్రీడాకు,

బసకు దిగిన అతిథులందరినీ సముద్రపు ఒడ్డుకు పంపి తలుపు వేసుకుని రాస్తున్నాను. చేతివ్రాత బాగాలేకపోతే క్షమించు.

ఐవీకి జ్వరం రాలేదు.

1932లో మీ అమ్మకు పొట్ట ఆపరేషన్ అయింది. మీ ఇద్దరినీ నా దగ్గర ఉంచింది. నేనప్పుడు ప్రెస్టన్‌లో ఉండేదాన్ని, పెళ్లి కాలేదు, పిల్లలను పెంచడం తెలియదు. ఐవీకి దవడపన్ను నొప్పి మొదలైంది. రెండు రోజులు ఒకటే ఏడుపు. మీ అమ్మకు చెబితే కంగారు పడుతుందని, అడగకుండానే పళ్ల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాను. ఇంట్లో ఎవరూ లేరని నిన్నూ వెంటబెట్టుకెళ్లాను.

గ్యాస్ ఇస్తాం, పొద్దున ఏమీ పెట్టకుండా తీసుకురండి అని చెప్పారు. మత్తులో వాంతి అయితే ఊపిరిలోకి పోతుందని. నాకు చెప్పారు, తల్లీ. స్పష్టంగా చెప్పారు. కానీ అక్కడ చాలాసేపు కూర్చోబెట్టారు, పిల్ల ఆకలని ఏడ్చింది. నేను రొట్టె పెట్టాను. వెన్న రాసి పంచదార చల్లిన రొట్టె. డాక్టరు వచ్చి, ఏమైనా తిన్నదా అని అడిగాడు. లేదండీ అన్నాను. తిన్నదంటే ఇంకో రోజు రమ్మంటారు, ఇంకో రాత్రి దాని ఏడుపు వినాలి.

లోపలికి తీసుకెళ్లిన పది నిమిషాలకు పరుగులు మొదలయ్యాయి. బల్ల మీద పడుకోబెట్టి బూట్లు విప్పారు, చేతులు కాళ్లు రుద్దారు. ఏం లాభం లేకపోయింది. ఆ గందరగోళంలో నువ్వెప్పుడు లోపలికి వచ్చావో నేను చూడలేదు. నేను చూసేసరికి దాని బూటు ఒకటి పట్టుకుని పక్కన నిలబడి ఉన్నావు.

విచారణలో అన్నీ ఒప్పుకున్నాను. డాక్టర్ల తప్పేమీ లేదని రాశారు, అది నిజమే. మీ అమ్మా నేనూ ఒక మాట అనుకున్నాం, నీకు జ్వరమనే చెప్పాలని. బర్న్‌లీలో కూడా అందరికీ అదే చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు మీ అమ్మ. అంటే బాగుండేది.

అందుకే గ్యాస్ వద్దన్నాను. నిజం చెప్పే ధైర్యం లేక ఛాతీ అన్నాను, నోరు అన్నాను. ఈ ఉత్తరం విల్ఫ్‌కు చూపించు, వాళ్లమ్మకు చూపించు. నా మొహం చూడాలనిపించకపోతే పెళ్లికి రావద్దని రాయి.

ఆనిస్


బర్న్‌లీ
24 ఏప్రిల్

పిన్నీ,

పది రోజులు రాయలేదు. మొదట కోపమొచ్చింది. చచ్చిపోయిన అక్క గురించి ఊరందరికీ చెప్పిన అబద్ధమే నాకూ చెప్పారు కదా అని. తర్వాత కోపం కాస్తా ఇంకేదోగా మారిపోయింది. దానికి పేరు తెలియదు.

ముందు ఇక్కడి సంగతి చెబుతాను. ఈస్టర్ సోమవారం నీ ఉత్తరం తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. ఇద్దరినీ కూర్చోబెట్టి చదివాను. "ఒకటి పట్టుకుని పక్కన నిలబడి ఉన్నావు" దగ్గర ఆగిపోయాను. మిగతాది విల్ఫ్ చదివాడు.

చదివి ఉత్తరం మడతపెట్టాడు. ముందుగా విల్ఫే అన్నాడు: "మూడు వారాల్నుంచి ఈ ఊళ్లో ప్రతి మగాడి బూట్లూ చూస్తూ తిరిగాను, ఫ్రీడా. చాపెల్లో పాస్టరు గారివి కూడా చూశాను." నవ్వబోయి ఏడ్చేశాడు. వాడేడవడం నేను చూడటం అదే మొదటిసారి.

వాళ్లమ్మ లేచి వంటింట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేసరికి నోరు లోపలికి పోయి ఉంది. పళ్లు తీసి చేతిరుమాలులో పట్టుకుని వచ్చింది. విల్ఫ్ కూడా ఆవిడను అలా ఎప్పుడూ చూడలేదట. నా ముందు కూర్చుని చెప్పింది, గాలి పోతూ, తడబడుతూ: "ఇరవై ఒకటికి మా నాన్న చేయించాడు. అందరూ అదృష్టవంతురాలివన్నారు. ముప్ఫై ఏళ్లయింది, ఆపిల్ కొరికి. నేను పడ్డది నువ్వూ పడితే తప్ప నా కోడలివి కావనుకున్నానేమో. ఏమో, నాకే తెలీదు. నీ పళ్లు నీ దగ్గరే ఉంచుకో." తర్వాత, "షెడ్డులో నేను వాగిందంతా నేనే సరిదిద్దుకుంటాను" అంది. మంగళవారం సరిదిద్దుకుంది కూడా. నాలుగు వరసలకూ కనిపించేలా బల్లెక్కి మరీ పెదాలు కదిపిందట. ఆ బిగించిన పెదాలతో ఎవరికేం అర్థమైందో! ఒకావిడ వచ్చి, నాకు కవలలు పుట్టబోతున్నారా అని అడిగింది.

పెళ్లి జూన్ నాలుగునే.

ఇప్పుడు నీతో తేల్చుకోవాల్సింది ఒకటుంది. నీ ఉత్తరంలో ఒకటి తప్పు రాశావు, పిన్నీ. అక్కకు రొట్టె పెట్టింది నువ్వు కాదు.

రొట్టె నా చేతిలో ఉంది. నేను గొడవ చేయకుండా నువ్వు నాకిచ్చిన రొట్టె. నువ్వు కిటికీ దగ్గర ఎవరితోనో మాట్లాడుతున్నావు. అక్క "నాకు పెట్టవా?" అంది. సగం విరిచి ఇచ్చాను. "పిన్నికి చెప్పకు" అంది. "ఎవరికీ చెప్పనులే" అన్నాను. తర్వాత బల్ల మీద అది లేవకపోతే, తిట్లు పడతాయని భయపడి పడుకుందనుకున్నాను. అందుకే బూటు పట్టుకుని అలా అన్నాను. నేను చెప్పను, లే అని.

ఇది గుర్తు రావడమా, గ్యాస్‌లో చూసిందా, నీ ఉత్తరం చదివాక నా బుర్ర కట్టుకున్నదా? ఒకరోజు అన్నీ నిజమనిపిస్తాయి, మర్నాడు పొద్దున ఆకుపచ్చ పలకలు కూడా నావి కావనిపిస్తాయి. నువ్వు విచారణలో నన్ను తప్పించడానికి నీ మీద వేసుకున్నావా? జ్వరం అబద్ధం కూడా నా కోసమేనా?

దయచేసి నిజం రాయి. నేను తట్టుకుంటాను.

నీ ఫ్రీడా

ఈ రోజు నుంచి మిఠాయికి రేషను లేదు. విల్ఫ్ వీధి చివరి దాకా వరసలో నిలబడి టాఫీ తెచ్చాడు. ఎడమవైపు నములుతూ రాస్తున్నాను.


మోర్కమ్
28 ఏప్రిల్

నా చిన్న తల్లికి,

నీ ఉత్తరం బల్ల మీద పెట్టుకుని మూడు రోజులుగా దానితో మాట్లాడుతున్నాను. సేల్స్‌మన్‌కు గుడ్డు మళ్లీ సరిగ్గా ఉడకలేదు, పాపం ఏమీ అనలేదు.

నిజం రాయమన్నావు. ఖాయంగా తెలిసినవి రాస్తాను. ఆ రోజు నీ చేతికి రొట్టె ఇచ్చింది నేను. ఆకలితో ఏడుస్తున్న పిల్ల పక్కన నిన్ను కూర్చోబెట్టింది నేను. దాని గౌను మీద పంచదార పలుకులు చూసి కూడా, తినలేదండీ అన్నది నేను. వీటిలో అనుమానం లేదు.

బెంచీ మీద ఏం జరిగిందో నేను చూడలేదు. ఆ తర్వాత నువ్వు వారం రోజులు రొట్టె ముట్టలేదు. ముక్క నోటి దగ్గర పెడితే పళ్లు బిగించేదానివి. మీ అమ్మ నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను. ఇద్దరి అనుమానం ఒకటే. ఆ వారం చివర్లో విచారణలో "నేనే పెట్టాను" అన్నాను. జ్వరం మాట మీ అమ్మ ఆలోచన. నాలుగేళ్ల పిల్ల నెత్తిన ఇది పెట్టకూడదంది.

కానీ ఇంకోటి కూడా రాయాలి. నా చేత్తో దాని నోట్లో ముక్క పెట్టడం నాకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. దాని పన్ను నా వేలికి తగిలింది, నొప్పి పుట్టి మూలిగింది. అది జరిగిందో, పదిహేడేళ్లు చెప్పుకుని చెప్పుకుని నేనే తయారుచేసుకున్నానో ఇప్పుడు నాకు తెలియదు. నీది కల కావచ్చు, నాది కల కావచ్చు. ఇద్దరం పెట్టి కూడా ఉండవచ్చు. ఆ గదిలో ఇంకెవరినీ అడగలేం. తేల్చమని నన్ను అడగకు, తల్లీ. ఒకటి మాత్రం నమ్ము. ఆకలన్న అక్కకు నాలుగేళ్ల పిల్ల సగం రొట్టె ఇచ్చి ఉంటే, నేను పెంచగలిగిన దానికంటే మంచిగా దాన్ని ఎవరో పెంచారు. అంతే.

జూన్ రెండున, గురువారం మధ్యాహ్నం బండికి వస్తాను. విల్ఫ్ వాళ్లమ్మకు మెత్తటి రొయ్యలు తెస్తున్నానని చెప్పు, కొరకనక్కర్లేదు.

ఈ రోజు పొద్దున బ్రాడ్‌ఫర్డ్ నుంచి వచ్చిన కొత్తావిడ, టీ తాగుతూ, "మీకు నా అన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. ఎవరడిగినా అక్క కూతురు ఒకత్తి ఉందనే చెప్పేదాన్ని.

"ఇద్దరండీ" అన్నాను. "పెద్దది ఐవీ, చిన్నది ఫ్రీడా."

నీ పిన్ని ఆనిస్